ఒకే చెట్టు కల్లు, మూడు పూటలు

ప్రశ్న: కల్లు గీసే స్నేహితులిద్దరు, పట్నం నుంచి మరో నలుగురు మా ఇంటికి వస్తున్నారు. ఈత కల్లు రుచి చూసే కార్యక్రమం ఎలా పెట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, మర్పల్లి

జవాబు: చలికాలంలో పెట్టుకోండి, ఈత కల్లుకు అదే అదను. నాలుగైదు రకాలు తెప్పించే కన్నా ఒకే చెట్టు కల్లును పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొద్దికొద్దిగా చప్పరించండి. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది, ఆ తర్వాత బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి ముక్కుకు ఘాటు తగిలేలా మారుతుంది. ఆ తేడా పట్నం వాళ్లకు బాగా తెలియాలంటే మిర్చి, వేపుళ్లు చివరికి ఉంచండి. లొట్టి కడిగిన తీరు, లోపల సున్నం పూశారా అన్నది మీ గీత మిత్రులనే అడగండి. సున్నం పులియడాన్ని ఆపుతుంది. ఆ రోజు వాళ్లను అతిథులుగా కూర్చోబెట్టండి, పోసే పని మీరే చూసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: కల్లు మీ గీత మిత్రులు స్వయంగా దింపినదే కావాలి. 2021 జనవరిలో మన వికారాబాద్ జిల్లాలోనే కల్తీ కల్లు తాగి ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. మత్తు మందు కలిస్తే నాలుకకు తెలియకపోవచ్చు. తాగినవాళ్లెవరినీ ఆ రాత్రి బండి నడపనివ్వకండి, పడక ఏర్పాటు ముందే చేయండి.