చేతికి తగిన రాకెట్టు

పిల్లలూ! వేసవి వచ్చిందంటే లండన్ నగరంలోని వింబుల్డన్‌లో టెన్నిస్ పోటీలు జరుగుతాయి. ఈ పోటీలు 1877లో ఆరంభమయ్యాయి. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2003లో బాలికల డబుల్స్, 2015లో మహిళల డబుల్స్ గెలిచింది ఇక్కడే. ఆ ఆట చూస్తే మీకూ ఆడాలనిపిస్తుంది కదూ?

ఒక శనివారం తెలుగు తరగతి ముగిశాక మీరు మీ స్నేహితురాలు లతతో పార్కులో ఆడుతున్నారనుకోండి. మీ చేతిలో ఉన్నది అన్నయ్య వాడి వదిలిన రాకెట్టు. నెల రోజులుగా దానితోనే ఆడుతున్నారు. బంతి తగిలినప్పుడల్లా అది చేతిలో తిరిగిపోతోంది. ఇంటికి చేరేసరికి ముంజేయి నొప్పి పుడుతోంది. "నాకు ఈ ఆట రాదు, మానేస్తాను" అని మనసులో అనుకుంటున్నారు. తొందరపడకండి! లోపం మీలో ఉందా, రాకెట్టులో ఉందా? ముందు అది తేల్చుకోవాలి.

లత మామయ్యగారు మూడు రాకెట్లను బల్ల మీద పక్కపక్కన పెడతారు. ఒకటి ఆయన చిన్ననాటి చెక్క రాకెట్టు. రెండవది మీది. మూడవది లతది.

"వీటిలో ఏది మంచిది మామయ్యా?" అని లత అడుగుతుంది.

"కాలు చూడకుండా ఏ చెప్పు మంచిదంటే ఏం చెప్పనమ్మా? రాకెట్టూ అంతే. చేతికి సరిపోయిందే మంచిది" అంటారాయన.

మరి సరిపోయిందని ఎలా తెలుస్తుంది? నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది బరువు. చెక్క రాకెట్టు ఇంచుమించు 400 గ్రాములు తూగుతుంది. స్వీడన్ దేశపు బ్యోర్న్ బోర్గ్ 1976 నుండి 1980 వరకు వరసగా ఐదుసార్లు వింబుల్డన్ గెలిచింది చెక్క రాకెట్టుతోనే. తరువాత గ్రాఫైట్ రాకెట్లు వచ్చాయి. అవి తేలిక, తల కూడా పెద్దది. 1987 తరువాత వింబుల్డన్‌లో చెక్క రాకెట్టు కనబడలేదు. మీ రాకెట్టు గ్రాఫైట్‌దే. బరువు 300 గ్రాములు.

రెండవది తూకం. ఇంట్లో ఒక పెద్ద గరిటె తీసుకోండి. కాడ చివర పట్టుకొని ఊపండి. తరువాత తిరగేసి, గిన్నె దగ్గర పట్టుకొని ఊపండి. గరిటె ఒకటే, బరువూ ఒకటే. కాని రెండవసారి ఎంతో తేలికగా ఊగుతుంది! బరువు చేతికి దూరంగా ఉంటే ఊపడం కష్టం, దగ్గరగా ఉంటే సులువు. రాకెట్టును స్కేలు అంచు మీద అడ్డంగా నిలపండి. అది ఎక్కడ ఒరగకుండా నిలుస్తుందో అక్కడ గుర్తు పెట్టండి. మీ రాకెట్టు పొడవు 68.5 సెంటీమీటర్లు, సగం 34 సెంటీమీటర్ల పైచిలుకు. పిడి చివర నుండి గుర్తు వరకు కొలిస్తే 35 వచ్చింది. అంటే బరువు కొంచెం తలవైపు ఉంది.

మూడవది పిడి. ఆడే చేత్తో పిడిని పట్టుకోండి. వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య రెండవ చేతి చూపుడువేలు దూరాలి. మీకు ఆ సందే లేదు. పిడి మీ చేతికి మరీ సన్నం! అది జారకుండా మీరు గట్టిగా పిసికి పట్టుకుంటున్నారు. ముంజేయి నొప్పికి కారణం అదే కావచ్చు.

నాలుగవది తీగలు. వీటిని మనవాళ్లు 'గట్' అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు పేగు అని అర్థం. పూర్వం పశువుల పేగులతోనే తీగలు చేసేవారు. తీగలు వదులైతే బంతి దూరం పోతుంది. బిగువైతే బంతి మీ అదుపులో ఉంటుంది, కాని అదురు చేతికి ఎక్కువ తగులుతుంది.

ఇక మరమ్మతు చూద్దాం. మామయ్యగారు సంచిలోనుండి ఓవర్‌గ్రిప్ అనే పలుచని పట్టీ తీసి పిడికి కింది నుండి పైకి చుడతారు. దాని బరువు సుమారు 5 గ్రాములు. పిడి కాస్త లావైంది. తూకం గుర్తు కూడా సుమారు 4 మిల్లీమీటర్లు పిడివైపు జరిగింది. ఒక్క పట్టీతో రెండు పనులు!

"తీగలు కూడా మార్చేద్దాం మామయ్యగారూ!" అని మీరు ఉత్సాహపడతారు.

"వద్దు నాయనా. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే మేలు దేనివల్ల జరిగిందో ఎలా తెలుస్తుంది?" అంటారాయన.

ఇప్పుడు ఇరవై బంతులు కొట్టి చూడండి. ఎన్ని గీత లోపల పడ్డాయో, రాకెట్టు ఎన్నిసార్లు తిరిగిందో నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే శనివారం మళ్లీ లెక్కించండి. పిడి సరిచేసినా నొప్పి తగ్గకపోతే ఆట ఆపి పెద్దలకు చెప్పండి.

కొందరు రాకెట్టు తలకు సీసపు పట్టీలు అంటిస్తారు. సీసం విషం. మీరు దానిని ముట్టుకోకండి. పిడిని పట్టీతో లావు చేయడం సులువే కాని, సన్నం చేయడం కష్టం. కనుక కొనేటప్పుడే చేతితో పట్టి చూడాలి.

పిల్లలూ! ఏ పనిలోనైనా "నాకు రాదు" అనుకునే ముందు చేతిలోని పనిముట్టును ఒకసారి పరీక్షించండి. ఖరీదైన రాకెట్టు అందరికీ దొరకదు. ఉన్నదానిని చేతికి తగినట్టు చేసుకోవడం మాత్రం అందరూ నేర్చుకోవచ్చు.

అభ్యాసం

1. రాకెట్టు తిరిగిపోవడానికి కారణమేమిటి?
2. గరిటె ప్రయోగం ఇంట్లో చేసి, చూసింది ఐదు వాక్యాలలో రాయండి.
3. ఒకసారికి ఒక్కటే ఎందుకు మార్చాలి?
4. సొంత వాక్యాలలో ప్రయోగించండి: తూకం, బిగువు, అదురు, పనిముట్టు.