ఇంటి ఇంటర్నెట్టును తోటలోని గదికి చేర్చుకొనుట

పల్లెలలో ఇంటికి ఇంటర్నెట్టు వచ్చుట ఇప్పుడు వింత కాదు. 2011లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ పథకమే తరువాత భారత్ నెట్ అను పేరుతో గ్రామ పంచాయతీల వరకు గాజుతీగను తెచ్చినది. ఆంధ్రప్రదేశ్ లో ఫైబర్ నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ అను సంస్థలు ఏర్పడినవి. కాని రైతుకు పని యున్నది తోటలో. తోటగదిలో కూలీల హాజరు, ఎరువుల లెక్కలు వ్రాసుకొనువారు, మోటారు వద్ద కెమెరా పెట్టుకొనగోరువారు, పట్నపు కంపెనీ ఉద్యోగమును ఊరిలోనే ఉండి చేయుచు ఇంటి సందడి లేని చోటు కొరకు తోటగదికి చేరిన కొడుకులు, కూతుళ్లు, అందరును అడుగునది ఒక్కటే: "ఇంటివద్ద బాగుగనే వచ్చును, గదిలోనికి రాదు. ఏమి చేయవలెను?"

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. మాటలాడుచుండగా దినమునకు మూడుసార్లు లైను తెగిన ఉద్యోగి తిరిగి పట్నమునకు పోయి గది అద్దెకు తీసుకొనవలసివచ్చును. కోతల కాలములో ఇంట అండగా నిలువవలసిన మనిషి అట్లు దూరమగును. కావున ఈ పనిని దుకాణదారుని మాటకు వదలక, రైతు స్వయముగా తెలిసికొని చేయించుకొనుట మేలు.

మొట్టమొదట ఇంటి నుండి గదికి దూరము కొలువవలెను. అంచనా పనికిరాదు, తాడుతోగాని టేపుతోగాని కొలిచి, దారిలో ఏమేమి యున్నవో ఒక కాగితముపై గీయవలెను: గోడలు, చెట్లు, కరెంటు తీగలు, బాట, కాలువ. సాధనము దీనిని బట్టియే నిర్ణయమగును.

ఇంటిలోని రౌటరు వైఫై రెండు గోడలు దాటి పాతిక, ముప్పది మీటర్లకు మించి నమ్మదగినది కాదు. అందు 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగముగా పోవును గాని గోడకు త్వరగా తగ్గిపోవును, 2.4 గిగాహెర్ట్జ్ వేగము తక్కువైనను కొంత దూరము సాగును. గది ఇంటి పెరటిలోనే యున్నచో రౌటరును ఆ వైపు కిటికీ వద్దకు మార్చి చూడుడు. ఖర్చు లేని పని ఇదియే గనుక ముందు దీనినే చేయవలెను.

దుకాణములలో చౌకగా దొరకు రిపీటరును చాలమంది కొని నిరాశపడుచున్నారు. ఒకే బొక్కెనతో నీరు తోడి, అదే బొక్కెనతో మోసి పోయు మనిషి వంటిది అది. ఒకే రేడియోతో వినుట, తిరిగి పంపుట రెండును చేయుటచే వేగము దాదాపు సగమునకు పడును. సంకేతము బాగుగా లేని గదిలోనే దానిని పెట్టుట మరియొక పొరపాటు. బోదెలో నీరే లేనిచోట ఇంజను పెట్టి ఏమి తోడగలము?

గది 100 మీటర్ల లోపున యున్నచో రాగితీగ పనిచేయును. క్యాట్-6 అని పిలువబడు ఈ తీగకు ఒక ముక్క 100 మీటర్లకు మించరాదని ప్రమాణము. కొనునపుడు పూర్తి రాగి తీగ యని నిర్ధారించుకొనవలెను. అల్యూమినియముపై రాగిపూత వేసిన తీగ చౌకగా అమ్ముచున్నారు. కొనను కత్తితో గీకి చూచిన లోపల తెల్లగా కనబడును. బయట వేయు తీగకు ఎండకు తాళు నల్లని పాలిథిన్ పొర ఉండవలెను. ఇండ్లలో వాడు తెల్లని, నీలపు తీగలు రెండు వేసవులకు పెళుసుబారి పగులును.

అయినను రెండు వేరువేరు కట్టడముల నడుమ రాగితీగను వేయమని నేను సలహా ఇవ్వను. కారణము పిడుగు. ఏప్రిల్, మే నెలల గాలివానలలో పిడుగు తోటలో ఎచటనో పడినను, దాపున నున్న పొడవైన రాగితీగలో విద్యుత్తు పొంగి రెండు చివరల నున్న యంత్రములను కాల్చివేయును. ఇంటి ఎర్తు వేరు, మోటారు గది ఎర్తు వేరు. ఆ రెంటి నడుమ ఉన్న భేదము కూడ ఆ తీగ ద్వారానే ప్రవహించును. ఆ సమయమున కంప్యూటరుపై చేయి ఉంచిన మనిషికి ప్రమాదము. ఇదివరకే రాగితీగ వేసికొన్నవారు రెండు చివరల సర్జ్ అరెస్టరులు బిగించి వాటిని మంచి ఎర్తుకు కలుపవలెను. ఉరుములు వినబడినపుడు యంత్రములను ముట్టరాదు; తీగను ఊడదీయుట మబ్బు కమ్ముచుండగనే, ఉరుము వినబడక ముందే కావలెను.

గాజుతీగకు ఈ బాధ లేదు. అందు పోవునది వెలుతురు గాని విద్యుత్తు కాదు. సింగిల్ మోడ్ గాజుతీగ తోటలోని ఏ దూరమునకైనను చాలును. ఇంటిలో ఒకటి, గదిలో ఒకటి మీడియా కన్వర్టరు పెట్టెలు ఉండవలెను. ఒకే పోగుపై పనిచేయు పెట్టెలు జతగా వచ్చును. ఒకదానిపై ఏ అని, రెండవదానిపై బి అని ఉండును. రెండును ఏ రకమే కొనిన దీపము వెలుగదు. తీగను అతుకుటకు ప్రత్యేక యంత్రము కావలెను. ఊరిలో ఇంటర్నెట్టు లైన్లు చూచు పనివాని వద్ద అది సాధారణముగా ఉండును. ఒక విషయము మరువరాదు: ఇండ్లకు లాగు చౌకరకము తీగలో బలము కొరకు ఉక్కుతీగ ఉండును. దానినే వేసిన పిడుగు భయము మరల వచ్చును. ఉక్కుకు బదులు ఫైబరు పుల్ల ఉన్న రకము అడిగి తీసుకొనవలెను.

తీగను నేలలో వేయునపుడు రెండున్నర అడుగుల లోతు గాడి తీసి, బోరులకు వాడు నల్లని హెచ్.డి.పి.ఇ. గొట్టములో దూర్చి వేయుడు. రోటవేటరు లోతు తక్కువే గాని, సబ్ సాయిలరు ఒకటిన్నర అడుగు మించి దిగును. గొట్టము ఉన్నచో ఎలుకలు కొరకవు, తీగ చెడినపుడు గాడి త్రవ్వకుండ మార్చుకొనవచ్చును. గొట్టములో ఒక నైలాను తాడును వదలి ఉంచిన ఆ పని సులభము. మోటారు కరెంటు తీగకు రెండు అడుగులు ఎడముగా పోవలెను. గట్టు వెంబడి వేసి, మలుపుల వద్ద రాయి పాతి, కాగితముపై గుర్తు వ్రాసి ఉంచుకొనుడు. బాటను గాని ప్రభుత్వ కాలువను గాని దాటవలసివచ్చిన ముందుగా పంచాయతీ లేక ఆ శాఖ అనుమతి తీసుకొనవలెను. గ్రామాధికారులు ఈ విషయము రైతులకు ముందే చెప్పిన తరువాత తగవులు రావు.

ఇచట ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్ లో ఫైబర్ నెట్ తీగలు చాలచోట్ల విద్యుత్తు స్తంభములపైననే పోవుచున్నవి. దానిని చూచి రైతు తన తీగను కూడ ఆ స్తంభములకు కట్టబోరాదు. కరెంటు తీగల మీదుగా ఇనుప తీగ విసరుట ప్రాణాంతకము. ఆ పని శిక్షణ పొందినవారు అనుమతితో, సరఫరా ఆపించి చేయు పని.

తోట ఇంటికి దూరముగా ఉండి, నడుమ ఇతరుల పొలములు ఉన్నపుడు గాడి త్రవ్వుట సాధ్యము కాదు. అట్టివారికి వైర్ లెస్ బ్రిడ్జి తగినది. ఇంటి డాబాపై ఒక చిన్న యాంటెన్నా, గదిపై మరొకటి ఎదురెదురుగా బిగింతురు. 5 గిగాహెర్ట్జ్ లో పనిచేయు ఈ యంత్రములకు, నిర్ణయించిన శక్తికి లోబడినంతవరకు, లైసెన్సు అక్కరలేదని 2018లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఒకటి రెండు కిలోమీటర్లు కూడ ఇవి సులభముగా పోవును. షరతు ఒక్కటే: ఒకదాని నుండి మరొకటి కంటికి కనబడవలెను.

కనబడుట యన్న సూటిగా కన్ను పోవుట మాత్రమే కాదు. రేడియో తరంగము నడుమ భాగమున ఉబ్బుగా పోవును. 300 మీటర్ల దూరమునకు సగము దారిలో ఆ ఉబ్బు చుట్టును సుమారు 2 మీటర్లు. అందులో కనీసము ఆరు పాళ్లు, అనగా 4 అడుగులు, అడ్డు లేక ఉండవలెను. 6 అడుగులు వదలుట క్షేమము. రైతులు మోసపోవునది ఇచటనే. వేసవిలో పొలము ఖాళీగా ఉన్నపుడు బిగింతురు, చక్కగా పనిచేయును. మొక్కజొన్న ఎదిగిన తరువాత, చెరకు పెరిగిన తరువాత లైను మందగించును. ఆకులో నున్న నీరు తరంగమును పీల్చివేయును. వాన కురిసి ఆకు తడిసిన ఇంకను ఎక్కువ. చెరకు 12 అడుగులు పెరుగునని తలచి, దానిపై 6 అడుగులు కలిపి, 18 అడుగుల ఎత్తు చూచుకొనవలెను. బజారులో దొరకు జి.ఐ. గొట్టము 20 అడుగులు. మూడు అడుగులు నేలలో పాతిన 17 అడుగులే మిగులును. కావున గది గోడకు బిగించి పైకి లేపుట మంచిది. ఆ గొట్టమునకు ఎర్తు తప్పనిసరి. కొబ్బరి చెట్టుకు మాత్రము కట్టకుడు. గాలికి చెట్టు ఊగును, యాంటెన్నా గురి తప్పును.

గదిలో కరెంటు సంగతి ముందే ఆలోచింపవలెను. వ్యవసాయ ఫీడరుపై సరఫరా రోజంతా లేనిచోట సౌరపలక పెట్టుకొనవచ్చును. లెక్క సులభము. యాంటెన్నాకు 6 వాట్లు, రౌటరుకు 6 వాట్లు, మొత్తము 12 వాట్లు. పగలు 12 గంటలు నడుపుటకు 144 వాట్-గంటలు. మంచి ఎండ దినమునకు నాలుగున్నర గంటలని ఎంచిన 32 వాట్ల పలక చాలును. నష్టములు కలుపుకొని 50 వాట్లు తీసుకొనుడు. 12 వోల్టుల 40 ఆంపియర్-గంటల బ్యాటరీ సగము వరకు వాడినను మబ్బు పట్టిన ఒక దినము గడచును. రాత్రి కెమెరా కూడ నడుపవలెనన్న పలకను రెట్టింపు కంటె ఎక్కువ చేయవలెను. యాంటెన్నా 24 వోల్టులదైన వోల్టేజి పెంచు చిన్న కన్వర్టరు అవసరము.

గదిలో రెండవ రౌటరు అమర్చునపుడు డి.హెచ్.సి.పి. అను ఏర్పాటును ఆపి, దాని చిరునామాను 192.168.1.2 వంటిదిగా మార్చి, వచ్చిన తీగను వాన్ రంధ్రములో గాక లాన్ రంధ్రములో పెట్టవలెను. అట్లు చేసిన ఇంటి ఫోను, తోట కంప్యూటరు, కెమెరా అన్నియు ఒకే కుటుంబముగా ఉండును. కెమెరాతో వచ్చు తొలి పాస్ వర్డును ఆ దినమే మార్చుడు. కూలీలకు, అతిథులకు వేరు పేరుతో గెస్టు వైఫై ఇచ్చిన లెక్కల కంప్యూటరు క్షేమముగా ఉండును.

వీడియోలో మాటలాడుటకు పోవురానులకు మూడు నాలుగు మెగాబిట్లు చాలును. పని ముగిసిన తరువాత పనివానికి డబ్బు ఇచ్చుటకు ముందు ఇంటిలో ఒకసారి, గదిలో ఒకసారి వేగము కొలిచి రెండు అంకెలను గోడపై తేదీతో వ్రాసి ఉంచుడు. గాజుతీగకు రెండును ఇంచుమించు సమానముగా ఉండవలెను. బ్రిడ్జికి పైరు ఎదిగిన తరువాత మరల కొలిచి, అంకె తగ్గినచో యాంటెన్నాను రెండు అడుగులు పైకి లేపి చూడుడు.