వానలో కారు వెనుక భాగం ఎందుకు జారుతుంది?

జంషెడ్‌పూర్ నుంచి రాంచీ వెళ్లే రహదారిపై లారీల రద్దీ ఎక్కువ. ఇలాంటి రోడ్లపై వేసవి అంతా నూనె మరకలు, టైర్ల రజను, దుమ్ము పేరుకుంటాయి. తొలకరి చినుకులు పడగానే అవన్నీ కలిసి జారుడు పొరగా మారతాయి. అప్పుడు మలుపులో కారు వెనుక భాగం పక్కకు జరుగుతుంటే ముందు చూడాల్సింది ఒకటే: పొడి రోడ్డుపైనా ఇలాగే ఉందా?

లేకపోతే, తొలి అనుమానం టైర్ల మీదే. గాడుల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది మన నిబంధన. వానలో అంతకంటే ఎక్కువే కావాలి. నీరు బయటికి పోయేది ఆ గాడుల గుండానే. గాలి తగ్గినా ప్రమాదమే. టైరు నీటిపై తేలే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని 1960లలో నాసా పరిశోధకులు సూత్రీకరించారు. దాని ప్రకారం 32 పీఎస్‌ఐ వద్ద ఆ వేగం గంటకు సుమారు 94 కిలోమీటర్లు, 20 వద్ద 74. విమాన టైర్లతో కట్టిన లెక్క కాబట్టి కార్లకు ఇది ఉజ్జాయింపే.

చిన్న కార్లలో ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది, అవే త్వరగా అరుగుతాయి. అందుకే చాలామంది కొత్త జతను ముందు వేయిస్తారు. అది సరికాదు. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనుకవి జారితే గిర్రున తిరుగుతుంది. కొత్త జత వెనుకకే వేయించాలి.

పొడి రోడ్డుపైనా తూలుతుంటే అరుగుదల తీరు చూడండి. లోపలి అంచు ఒక్కటే అరిగితే వీల్ అలైన్‌మెంట్, అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్. టైరు పక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం నాటిది. గాడులు బాగున్నా ముదిరిన రబ్బరుకు తడిలో పట్టు తక్కువ.