ప్రశ్నలు – జవాబులు: వాన కోసం మోకరించినవాళ్లకు

ప్రశ్న: అన్నా, మాది పత్తికొండ పక్కన ఊరు. ఆరెకరాల ఎర్రనేల, బోరు లేదు. జూన్‌లో ఒక పదును వాన పడితే బుడ్డలు వేసినాం. ఊడలు దిగే టైంకు నలభై రోజులు చినుకు లేదు. మందిరంలో మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెడితే నేనూ నా భార్యా కూచున్నాం. వాన రాలే. ఆఖరి రోజు వాక్యం చెప్పినాయన, మీలో ఎవరిదో విశ్వాసం తక్కువుంది, అందుకే ఆకాశం మూసుకుపోయింది అన్నాడు. అప్పటినుంచి నా భార్య తన వల్లే ఇట్లయిందేమోనని రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. మా చేను ఎండితే అది మా పాపమేనా?
– ఒక రైతు, పత్తికొండ ప్రాంతం

జవాబు: తమ్ముడూ, ముందు ఈ ఒక్క ముక్క మీ ఆవిడకు చదివి వినిపించు. అమ్మా, ఇందులో నీ తప్పు ఏమీ లేదు. ఈ రాత్రికి నిద్రపో.

ఇక నీ ప్రశ్న. ఉపవాసం ఉన్నవాళ్ల చేలూ, ఆ మూడు రోజులూ మందిరం వైపు చూడనివాళ్ల చేలూ మీ ఊళ్లో ఒక్క తీరుగానే ఎండినాయి కదా. వాన నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా కురుస్తుందని కొండమీది ప్రసంగంలో యేసే చెప్పాడు. వాన సంగతి అదైతే ఎండ సంగతీ అదే. శిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు ఊళ్లో అందరికన్నా పెద్ద పాపులని అనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. మారుమనస్సు పొందమని చెప్పింది బతికున్నవాళ్లందరికీ. చచ్చినవాళ్ల లెక్క తీయడానికి మాత్రం ఒప్పుకోలేదు.

వాన ప్రార్థన అనగానే మన మందిరాల్లో ఏలీయా పేరు ఎత్తుతారు. కర్మేలు కొండ, సముద్రం మీద అరచేయంత మబ్బు, ఆ తర్వాత కుంభవృష్టి. దాని ముందు అధ్యాయం కూడా చదవమని నేను ప్రతి బోధకుణ్ణీ బతిమాలుకుంటాను. దేవుడే పొమ్మంటే పోయి కెరీతు వాగు పక్కన కూచున్నాడు ఏలీయా. కొన్నాళ్లకు ఆ వాగే ఎండిపోయింది. ఎందుకు ఎండిందో గ్రంథం సూటిగా చెప్తుంది, దేశంలో వాన లేదు గనుక. ప్రవక్త విశ్వాసం గురించి అక్కడ ఒక్క మాట లేదు. ఆ కరువు రాజు చేసిన పాపానికి వచ్చిందే కావచ్చు. కానీ ఆకలికి కూచున్నది ఎవరు? ప్రవక్తా, తొట్టిలో పిడికెడు పిండి మిగిలిన సారెపతు విధవరాలూ. ఎండిన చేను చూసి ఆ చేను గలవాడి మీద తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క అధ్యాయం చాలు తెలియడానికి.

మన ప్రాంతపు విశ్వాసులు ఇంతకన్నా పెద్ద కరువు చూశారు. 1876–78 నాటి ధాత కరువు గురించి మా అవ్వ తన అవ్వ దగ్గర విన్నది చెప్పేది. చీమల పుట్టలు తవ్వి, అవి దాచుకున్న గింజలు ఏరుకుని తిన్నారంట. ఆ కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేసిన పని నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఆయనకు సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన మాల మాదిగ కుటుంబాలకు పని ఇచ్చి కూలి ఇప్పించాడు. పగలు మట్టి మోసినవాళ్లకు సాయంత్రం బోధకులు వాక్యం చెప్పేవాళ్లు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. సాయం అందుతున్నన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు, ఏడాదికి పైగా ఆపాడు. తిండి కోసం దేవుణ్ణి ఒప్పుకోవాల్సిన స్థితి ఎవరికీ రాకూడదని. సాయం పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. సభల్లో ఈ అంకె మాత్రమే చెప్తుంటారు. నాకు ఆ అంకె కన్నా దానికి ముందు ఆగిన ఏడాది గొప్పది. అన్నాన్నీ విశ్వాసాన్నీ ఒక త్రాసులో పెట్టి తూచకూడదని ఆయనకు తెలిసింది. మీ ఊళ్లో ఆ చివరిరోజు వాక్యం చెప్పినాయన వాననూ విశ్వాసాన్నీ ఒకే త్రాసులో పెట్టాడు.

ప్రార్థన మానొద్దు. దేవుడి మీద కోపముంటే ఆ కోపం ఆయనకే చెప్పు, యోబు అట్లే చెప్పాడు. చివరికి దేవుడు తప్పుపట్టింది యోబు స్నేహితులను. నీ పాపం వల్లే నీకిట్లయిందని వాదించినవాళ్లు వాళ్లే. ఇంకొకటి. ఈ-క్రాప్‌లో నీ పంట నమోదైందో లేదో రైతు సేవా కేంద్రంలో ఈ వారమే చూసుకో. నష్టం రాసుకునేందుకు అధికారులు వచ్చినప్పుడు అందులో నీ పేరు లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎవరి ఎద్దులకు మేత లేదో, ఎవరి ఇంట్లో జొన్నలు అయిపోయినాయో సంఘ పెద్దలు ఒక కాగితం మీద రాస్తే బాగుంటుంది. నువ్వే లేచి అడుగు.

ప్రశ్న: మాది కోసిగి వైపు. సుగ్గికి గుంటూరు పోతాం, మిరపకాయలు కోయడానికి. అక్కడ ఆదివారం కూడా పనే. రెండు నెలలు మందిరం ముఖం చూడం. ఇది పాపమని మా అత్త అంటుంది. మానేస్తే కూలి పోతుంది.
– ఒక చెల్లెలు

జవాబు: ఆకలేసిన శిష్యులు విశ్రాంతి దినాన పంటచేలో వెన్నులు తుంచుకుంటే యేసు వాళ్లనే వెనకేసుకొచ్చాడు. విశ్రాంతి దినం మనుషుల కోసమే వచ్చిందన్నాడు. నువ్వు నిశ్చింతగా పోయిరా అమ్మా. ఆదివారం పొద్దుగుంకినాక మీ గుడారాల దగ్గర నలుగురు కూడి ఒక పాట పాడుకుంటే అదే సంఘం. మీ అత్తకు ఫోన్ చేసి ఆ పాట వినిపించు, ఆమెకూ నెమ్మది. ఈ పేజీ చదివే మిరపతోటల యజమానులకు కూడా ఒక మాట. కూలివాడి కూలి పొద్దుగుంకక ముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండంలో ఉంది. ఆదివారం మందిరంలో ముందు వరసలో కూచునేవాళ్లు శనివారం లెక్క తేల్చి వస్తే బాగుంటుంది.

ప్రశ్న: సార్, నేను కడపలో డిగ్రీ చదువుతున్నాను, ఫిలాసఫీ అంటే ఇష్టం. వేమన, అగస్టీన్, దోస్తోయేవ్‌స్కీ చదువుతుంటే మా నాయన బైబిల్ తప్ప వేరే పుస్తకం ఇంట్లో ఉండకూడదు అంటున్నాడు. వేమన పుస్తకం బయట పారేశాడు కూడా. ఆ పుస్తకాలు చదివినాక నాకు ప్రశ్నలు పెరిగింది నిజమే. నేను దేవుడికి దూరమవుతున్నానా?
– ఒక విద్యార్థి

జవాబు: నాయనా, నువ్వు ఉండే ఊళ్లోనే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఎప్పుడైనా లోపలికి పోయినావా? 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే అది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇల్లిల్లూ తిరిగి పట్టుబట్టి కట్టించారు. బ్రౌన్ ఎవరి కొడుకు? కలకత్తాలో బైబిల్ అనువాదాల కోసం పాటుపడిన క్రైస్తవ గురువు డేవిడ్ బ్రౌన్ కొడుకు. అటువంటి ఇంట్లో పుట్టినవాడు తాటాకుల్లో పడివున్న వేమన పద్యాలను వెతికి, పండితులకు తన జీతం ఇచ్చి పరిష్కరింపజేసి, 1829లో అచ్చు వేయించాడు. బైబిల్ చేతబట్టుకుని పెరిగినవాడు కాపాడిన వేమనను, బైబిల్ చేతబట్టుకున్న మీ నాయన పారేశాడు. అది తలుచుకుంటే బాధగా ఉంది. ఇప్పుడు ఆ గ్రంథాలయం ఉన్నది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందే.

కవి జాషువాను కూడా చదువు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో అంటరానివాడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. రాసింది క్రైస్తవుడు. ఆయనే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. ఆయనకు ఈ రెండూ ఒకే గుండెలోంచి వచ్చాయి. అగస్టీన్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. పందొమ్మిదేళ్లప్పుడు ఆయన మనసును సత్యం వైపు తిప్పింది క్రీస్తును ఎరగని సిసెరో రాసిన పుస్తకం. ఆ రోజుల్లో బైబిల్ చదివితే ఆయనకు మొరటుగా అనిపించిందంట. 387లో బాప్తిస్మం పొందేదాకా పద్నాలుగేళ్లు తిరిగాడు. ఆ తిరిగిన దారంతా దేవుడి ముందు విప్పి చెప్పుకున్నదే ‘కన్ఫెషన్స్’. అందులో పేజీకొక ప్రశ్న ఉంటుంది, అన్నీ దేవుణ్ణే అడిగినవి. అడుగుతున్నంతసేపూ నువ్వు ఎవరినో ఒకరిని అడుగుతున్నావు కదా.

మీ నాయనతో వాదం పెట్టుకోవద్దు. ఆయన భయం నిజమైనది, కొడుకు చేయిదాటి పోతాడని. రాత్రి అన్నాలయ్యాక ఆయన బైబిల్‌లోనే ప్రసంగి గ్రంథం తీసి, రోజుకొక అధ్యాయం ఆయనకు పైకి చదివి వినిపించు. పన్నెండు అధ్యాయాలే. అంతా వ్యర్థమేనా అని ఒక ముసలాయన నిజాయితీగా అడుగుతుంటాడు. పన్నెండో రోజు మీ నాయన ఏమన్నాడో నాకు రాయి. వేమన పుస్తకం మళ్లీ కొనుక్కో, కానీ ఆయనకు చెప్పి కొను.

ప్రశ్న: అయ్యా, మాది జమ్మలమడుగు. నా కొడుకు ఇరవైరెండేళ్లకే బండి ప్రమాదంలో పోయినాడు. ఎనిమిది నెలలైంది. వచ్చినవాళ్లందరూ దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడని చెప్తారు. మందిరంలో పాట ఎత్తితే నా నోరు రావడం లేదు. పాడలేని దాన్ని మందిరానికి పోవచ్చునా?
– ఒక తల్లి

జవాబు: పోవచ్చు తల్లీ. పాడొద్దు. ఊరికే కూచోండి. పక్కనున్నవాళ్లు పాడతారు, ఆ పాట మీ చుట్టూ ఉంటే చాలు. అది కూడా భరించలేకపోతే పాటలయ్యాక పోండి.

పువ్వు మాట చెప్పినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ బిడ్డ పోయిన తల్లికి ఆ మాట ముల్లు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర ఏడ్చాడు, తోట మాటా పువ్వు మాటా ఏదీ ఎత్తలేదు. సి.ఎస్. లూయిస్ అనే ఇంగ్లీషు రచయిత దేవుడు బాధను ఎందుకు ఉండనిస్తాడో వివరిస్తూ 1940లో ఒక మంచి పుస్తకం రాశాడు. ఇరవై ఏళ్లకు ఆయన భార్య క్యాన్సర్‌తో పోయింది. అప్పుడు ఇంకో చిన్న పుస్తకం రాశాడు, తన పేరు కూడా పెట్టుకోకుండా 1961లో అచ్చు వేయించాడు. అందులో వివరణలు నిలబడలేదు. దేవుడి ఇంటి తలుపు మొహాన మూసినట్టుందని మొరపెట్టుకున్నాడు. ఆయన విశ్వాసం ఆ మొరతో పోలేదు.

మా చిన్నాయన పోయినప్పుడు మా అవ్వ నెలరోజులు గడపలోనే కూచుంది. పక్కింటి దూదేకుల బీబమ్మ రోజూ మాపటేళ రెండు జొన్నరొట్టెలు, ఒక చిన్న గిన్నెలో ఊరిబిండి తెచ్చి పెట్టేది. పక్కన కూచునేది. పొయ్యి బూడిద అంటిన చేత్తో అవ్వ వీపు నిమిరేది. నాకు గుర్తున్నంతవరకు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ తిన్నాక గిన్నె తీసుకుని పోయేది.

మీకు చదవాలనిపిస్తే 88వ కీర్తన తీయండి. మిగతా మొరల్లాగా అది చివర్లో తేరుకోదు, చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది. అట్లాంటిది కూడా మన గ్రంథంలో ఉంది. మీరు జాబులో మీ అబ్బాయి పేరు రాయలేదు. ఈసారి రాసేటప్పుడు రాయండి. చిన్నప్పుడు ఏం తినేవాడో, ఎవరి మాట వినేవాడో, అన్నీ రాయండి. ఇక్కడ అచ్చు వేయం. నేను చదువుకుంటాను.