పిల్లలు ఎదిగేకొద్దీ మన పనీ మారాలి

సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి వచ్చినవే. ఏ ఉత్తరమూ నేరుగా ప్రశ్నతో మొదలవలేదు. పెద్దవాడు ఏం చదువుతున్నాడు, చిన్నది ఎంత పొడుగైంది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు... ముందు పిల్లల కబుర్లు, ఆ తర్వాతే సందేహం. స్థలం కోసం ఉత్తరాలను కుదించినా ఆ కబుర్లను మాత్రం ఉంచాను. జవాబు చాలావరకు వాటిలోనే ఉంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు పదమూడున్నరేళ్లు, పాపకు పదకొండున్నర. నిరుటి దాకా బాబే పొడుగు. ఇప్పుడు పాప 150 సెంటీమీటర్లు, బాబు 148. ఏడాదిలో వాడు పెరిగింది 5 సెంటీమీటర్లే. పెళ్లిళ్లకు వెళ్తే ‘అక్కాతమ్ముళ్లా?’ అని అడుగుతున్నారు. వాడు చెల్లెలి పక్కన ఫొటో దిగడం మానేశాడు. ఎత్తు పెంచే పొడి వాడమని బంధువులు చెబుతున్నారు. మావారి ఎత్తు 169, నాది 154. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుండ్లపోచంపల్లి

జవాబు: మీ ఇద్దరు పిల్లలూ వాళ్ల వాళ్ల వయసుకు తగ్గట్టే పెరుగుతున్నారమ్మా. యుక్తవయసు మార్పులు ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. ఆడపిల్లలు ఆ మార్పుల తొలి దశలోనే ఒక్కసారిగా పొడుగవుతారు. మగపిల్లలకు ఆ ఊపు నడిమి దశలో వస్తుంది. అందుకే ఇద్దరికీ మధ్య దాదాపు రెండేళ్ల తేడా కనిపిస్తుంది. మీ పాప ఇప్పుడు ఆ ఊపులో ఉంది, బాబు ఇంకా దాన్ని అందుకోలేదు. రజస్వల అయ్యాక ఆడపిల్లలు సాధారణంగా మరో 5 నుంచి 7 సెంటీమీటర్లే పెరుగుతారు. మగపిల్లలు బాగా ఎదిగే ఏడాదిలో 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరగగలరు.

ఇంట్లోనే వేసుకోగల లెక్క ఒకటుంది. తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, మగపిల్లాడైతే 13 కూడి, ఆడపిల్లయితే 13 తీసేసి, సగం చేయాలి. మీ లెక్కలో బాబుకు 168, పాపకు 155 వస్తుంది. అటూ ఇటూ కొన్ని సెంటీమీటర్ల తేడా సహజం. ఈ లెక్క మీరు వేసి చెప్పకండి, వాడి చేతే వేయించండి. ఎవరు ఎంత ఓదార్చినా కుదుటపడని మనసు తాను వేసుకున్న లెక్కతో కుదుటపడుతుంది. వాళ్ల నాన్న ఏ తరగతిలో ఉండగా పొడుగయ్యారో కూడా చెప్పించండి. ఆలస్యంగా ఎదగడం చాలా కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.

ఆరు నెలలకోసారి చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, నెత్తిన అట్ట సమంగా పెట్టి కొలవండి. ఆ కొలతలను ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన పిల్లల కోసం సవరించిన ఎదుగుదల చార్టులో గుర్తు పెట్టించండి. పెరుగుదల ఏడాదికి 4 సెంటీమీటర్లకు తగ్గినా, బాబుకు 14 నిండేసరికి యుక్తవయసు మార్పులేవీ మొదలవకపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి. అంతవరకు పొడులకు డబ్బు పెట్టకండి, వంశంలో లేని ఎత్తును ఏ డబ్బా ఇవ్వలేదు. గుడ్డు, పప్పు, పెరుగు, జొన్నరొట్టె, తైదంబలితో పాటు 8 నుంచి 10 గంటల నిద్ర ఉంటే చాలు.

ప్రశ్న: నేను తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాను. బాబు నాలుగో తరగతి, పాపకు నాలుగేళ్లు. మేం ఊళ్లో ఉన్నప్పుడు బాబు రోజంతా వీధిలోనే ఆడేవాడు. కాలనీకి మారాక బడి, ట్యూషన్, ఫోన్... అంతే. ఈ మధ్య కళ్లద్దాలు కూడా వచ్చాయి. ఫోన్ లాక్కుంటే అన్నం తినడు. పాపకూ అదే అలవాటవుతోంది.
– ఒక తండ్రి, శామీర్‌పేట

జవాబు: ఫోన్ ఎంతసేపు చూస్తున్నాడన్నది మీ బెంగ. ఆరుబయట ఎంతసేపు ఉంటున్నాడన్నది నా ప్రశ్న. హ్రస్వదృష్టికి పగటి వెలుతురుకు ఉన్న సంబంధం ఇప్పుడు బాగా రుజువైంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలోనే రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు గమనించారు. మామూలు బడుల్లో నూటికి సుమారు 40 మందికి హ్రస్వదృష్టి వస్తే, ఈ బడుల్లో 30 మందికే వచ్చింది. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. తైవాన్ ఏకంగా రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉండాలని బడులకు చెప్పింది. మీ బాబుకు వచ్చిన అద్దాలు దీనితో పోవు. పాపకు రాకుండా చూసే అవకాశం మాత్రం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం నాలుగేళ్ల బిడ్డకు తెర రోజుకు గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. బాబు వయసుకు రోజూ కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట, 9 గంటలకు తగ్గని నిద్ర అవసరం. ముందు ఈ రెండింటికీ చోటు పెట్టండి, మిగిలిన సమయంలోనే ఫోన్. అన్నం దగ్గర ఫోన్ ఉండకూడదన్న నియమం ఇంట్లో అందరికీ ఒకటే, మీకు కూడా. మొదటి వారం వాడు సరిగా తినడు. ఆకలైతే తానే వస్తాడు, భయపడకండి.

మీ చుట్టుపక్కల చోటుకు కొదవ లేదు. సెలవు రోజున జవహర్ జింకల పార్కుకు గానీ, కండ్లకోయ ఆక్సిజన్ పార్కుకు గానీ తీసుకెళ్లండి. శామీర్‌పేట చెరువు గట్టున నడవొచ్చు గానీ నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. అయితే వారానికోసారి వెళ్లే పార్కు కంటే, రోజూ సాయంత్రం కాలనీలో మరో నలుగురు పిల్లలతో ఆడే గంటకే విలువ ఎక్కువ. ట్యూషన్ వేళ మార్చయినా ఆ గంటను సంపాదించండి.

టీకాల కంపెనీలో పనిచేస్తున్నారు కాబట్టి ఒక మాట గుర్తుచేస్తాను. మన దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్–బి టీకాను శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చింది, ఆ సంస్థ మీ మేడ్చల్ ప్రాంతానిదే. దేశానికి టీకాలిచ్చే చోట ఉంటూ మన ఇంటి కార్డు మరిచిపోకూడదు. ఐదారేళ్ల మధ్య పాపకు డీపీటీ బూస్టర్, పదేళ్లకు బాబుకు టీడీ టీకా వేయించాలి.

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు. నెల కిందట పెద్దమనిషి అయింది. సంతోషంతో కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టాను. శారీ ఫంక్షన్ ఘనంగా చేయాలని మా అత్తగారింటివాళ్ల మాట, ఫ్లెక్సీకి ఫొటో కూడా ఇచ్చేశాం. అది తెలిసి పాప గది తలుపేసుకుంది. ‘నా గురించి ఎవరికీ ఏమీ చెప్పొద్దు’ అంటోంది. చిన్నప్పటి నుంచి దాని మార్కులు, డాన్సులు అన్నీ స్టేటస్‌లో పెట్టేదాన్ని. ఎప్పుడూ ఏమీ అనలేదు.
– ఒక తల్లి, మేడ్చల్

జవాబు: మీ సంతోషం నాకు అర్థమవుతోంది. పాప కోపంలో న్యాయమూ కనిపిస్తోంది. ఇన్నాళ్లూ ఆమె కబుర్లు మీవి కూడా. ఇప్పుడు ఆమె ఒంటికి, మనసుకు సంబంధించిన కబుర్లు ముందుగా ఆమెవి. తలుపు వేసుకోవడాన్ని మొండితనంగా చూడకండి. తనకంటూ ఒక హద్దు కావాలని ఈ వయసులో పిల్లలు కోరుకుంటారు. ఆ హద్దును ఇంట్లో గౌరవిస్తే, బయట ఎవరైనా దాన్ని దాటబోయినప్పుడు కాదనే ధైర్యం వస్తుంది.

ఈ రోజే ఆ పోస్టు తీసేసి, తీసేశానని పాపకు చెప్పండి. ఫంక్షన్ వద్దంటే వద్దు. ఇష్టమైతే ఎంతమందిని పిలవాలో, ఏ బట్టలు కట్టుకోవాలో, ఫొటోలు ఉండాలో వద్దో తననే తేల్చుకోనివ్వండి. రోడ్డు మీద ఫ్లెక్సీ మాత్రం పెట్టకండి. పదమూడేళ్ల బిడ్డ ఫొటో, పేరు, ఊరు అలా ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు పెట్టకూడదు. అత్తగారికి మీ దంపతులిద్దరూ కలిసి చెప్పండి, ఆ బరువు పాప మీద వేయకండి. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (2023) కూడా 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూసి, వాళ్ల సమాచారం వాడే సంస్థలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటోంది. ఆ అనుమతి మన చేతికి వచ్చింది బిడ్డను కాపాడటానికే. ఇకమీదట ఏ ఫొటో పెట్టాలన్నా ముందు పాపను అడగండి.

ఫంక్షన్ హడావిడిలో చాలామంది మరిచిపోయేది రక్తపరీక్ష. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ వయసులో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. తగ్గితే డాక్టరు సలహాతో ఐరన్ మాత్రలు వేయించండి. ఆ మాత్ర టీతో కాదు, నిమ్మరసంతో వేసుకోవాలి. నెలసరి రోజుల్లో విడిగా కూర్చోబెట్టడం, ఆడొద్దనడం అవసరం లేదు. వారాల తరబడి పాప ఎవరితోనూ మాట్లాడకుండా, తిండీ నిద్రా తగ్గిపోతే మాత్రం ఆలస్యం చేయకండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా ఇస్తారు.

ప్రశ్న: మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం, పదహారు నిండాయి. కాలేజీకి బండి కావాలని పట్టుబట్టాడు. ఇక్కడ చాలామంది పిల్లలు నడుపుతున్నారు. సర్వీసు రోడ్డే కదా, కొనివ్వమంటారా?
– ఒక తండ్రి, కండ్లకోయ

జవాబు: వద్దు. గేర్ల బండికి 18 నిండాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 199–ఏ సెక్షన్ కింద, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి లారీలు, టిప్పర్లతో పాటు అవన్నీ తిరిగేది ఆ సర్వీసు రోడ్డు మీదే.

‘వద్దు’ దగ్గరే ఆగిపోకండి. బండి ఎందుకు కావాలో కూర్చోబెట్టి అడగండి. బస్సు దొరకడం లేదా, ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతోందా, స్నేహితుల ముందు చిన్నతనంగా ఉందా? మొదటి రెండింటికీ బస్ పాసు, కాలేజీ బస్సు, 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్–సికింద్రాబాద్ మధ్య నడుస్తున్న ఎంఎంటీఎస్ ఉన్నాయి. మూడోదైతే వాడికి కావలసింది బండి కాదు, ఇంట్లో పెద్దవాడిగా గుర్తింపు. నెల ఖర్చుల లెక్క అప్పగించండి, ఇంటి నిర్ణయాల్లో వాడి మాటా అడగండి. పద్దెనిమిది నిండిన రోజున లైసెన్సుకు మీరే వెంట తీసుకెళ్తానని, హెల్మెట్ మీరే కొనిస్తానని మాటివ్వండి. ఆ మాట తప్పకండి.

ప్రశ్న: సార్, నా కొడుకు, కోడలు దుబాయిల కొలువు చేస్తరు. మనవడికి ఏడేండ్లు, రెండో తరగతి. మూడేండ్ల సంది నా దగ్గరనే ఉంటున్నడు. ఐతారం రాత్రి వీడియో కాల్ చేస్తరు. మార్కులెన్ని, హోంవర్క్ చేసినవా, మంచిగ తిన్నవా అని అడుగుతరు. వీడు ఊ అని ఉరుకుతడు. ఫోన్ పెట్టినంక నాతోని గంటసేపు ముచ్చట పెడ్తడు. పోరగాడు దూరమైతున్నడని వాళ్లకు బుగులు. నేనేం జెయ్యాలె?
– ఒక నానమ్మ, అలియాబాద్

జవాబు: అమ్మా, మీ మనవడికి మాటలు కరువు కాలేదు. అడిగే తీరు మారాలి, అంతే. ఏడేళ్ల పిల్లలు ప్రశ్న వెనక ప్రశ్న వస్తే మూగబోతారు. ఏదో ఒక పని చేస్తూ మాట్లాడమంటే గలగలా చెప్తారు. మీ కొడుకుకు, కోడలికి ఈ మాట చెప్పండి: అడగడం తగ్గించి, ముందు తమ సంగతులు చెప్పాలి. వండుకున్న కూర, ఉండే గది, ఆ రోజు నవ్వొచ్చిన సంగతి చూపించాలి. ఫోన్లోనే బొమ్మలు గీయడం, పొడుపు కథలు వేసుకోవడం, ఒకే కథల పుస్తకం రెండు చోట్లా ఉంచుకుని చదవడం చేయొచ్చు. మార్కుల సంగతి మీతో విడిగా మాట్లాడుకోవాలి.

దుబాయి మనకంటే గంటన్నర వెనక. అక్కడ ఏడున్నరకు తీరిక దొరికేసరికి ఇక్కడ తొమ్మిదై పిల్లవాడు నిద్రకు జోగుతుంటాడు. ఆదివారం మన సాయంత్రం ఆరింటికి, వాళ్ల నాలుగున్నరకు చేయమనండి. వారం మధ్యలో ఐదు నిమిషాల కాల్ ఇంకొకటి ఉంటే మరీ మంచిది.

సెలవుకు వచ్చే తేదీ ఖాయమయ్యాకే వాడికి చెప్పాలి. తప్పిన ఒక్క మాట పిల్లల్లో చాలాకాలం ఉండిపోతుంది. వాడి తప్పులను వాడి ఎదుట ఫోన్లో చెప్పకండి. మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైనా, బడికి పోయే ముందు రోజూ కడుపునొప్పి అన్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆధార్, టీకాల కార్డు, చికిత్సకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక కాల్‌కు ముందు మనవడిని అడగండి: ‘ఇయ్యాల అమ్మకేం జెప్దాం?’ ఊడిన పన్ను, కొత్త దోస్తు, తాను గీసిన బొమ్మ, ఏది చెప్పాలో వాడే ఎంచుకుంటాడు. మీరు పక్కన కూర్చోండి. వాడు తడబడితేనే అందుకోండి.