‘చూద్దాం’ నుంచి ‘చేస్తాను’ దాకా

పని మీద మనకెంత పట్టుదల ఉందో మనం రోజూ వాడే మాటలే బయటపెడతాయి. భాషాశాస్త్రం నా సబ్జెక్టు కాదు. బి.ఎస్సీ. చదువుతున్న రైతుబిడ్డను. అయినా కొన్ని మాటలను పరీక్షనాళికలో వేసి చూశాను.

మొదటిది ‘చూద్దాం’. ఇందులో అందరం ఉన్నాం గాని, పని నెత్తినేసుకునేవాడు ఒక్కడూ లేడు. ‘అవుతుందిలే’ అన్నా అంతే. పని తనంతట తానే కావాలన్నమాట!

రెండవది ‘రాయాలి’. నేను, నువ్వు, వాళ్ళు – ఎవరికైనా ఈ క్రియారూపం మారదు. ‘రికార్డు రాయాలి’ అని నెలంతా అనుకోవడం అందుకే అంత సులువు.

మూడవది ‘చేస్తాను’. ఇక్కడ కర్త దొరికాడు, కాలం మాత్రం తేలలేదు. ‘రోజూ చేస్తాను’, ‘రేపు చేస్తాను’ – రెండింటికీ రూపం ఒక్కటే. ఎప్పుడన్నది మనమే చేర్చాలి.

సేద్యంలో గడువు లేని మాట చెల్లదు. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర కార్తె రెండు వారాలే. వాన పడ్డాక నేలలో పదును అన్నాళ్ళు కూడా ఆగదు. ఒక ఏడు గొర్రు అడిగితే, పొరుగు రైతు ఒకాయన మూడు రోజులు ‘చూద్దాం’ అన్నాడు. పదును ఆరిపోయింది. మళ్ళీ వాన పడేదాకా విత్తనాలు మూటలోనే ఉన్నాయి. మొదటిరోజే ‘కుదరదు’ అని ఉంటే ఇంకొకరి గడప తొక్కేవాళ్ళం. సూటిగా చెప్పిన ‘కుదరదు’ కూడా సాయమే.

మిత్రులారా! ‘రికార్డు రాయాలి’ అనకండి. ‘శుక్రవారం సాయంత్రానికి రాసి ఇస్తాను’ అని చూడండి. ఆ మాటే మనల్ని కూర్చోబెట్టి రాయిస్తుంది.