స్వరలేఖనంలో రెండు చేతుల పని

మిర్చికోతల్లో, పత్తితీతల్లో మన పల్లెజనం పాడే పాటలు చాలామట్టుకు నోటిమీదే ఉండిపోయాయి. వాటి స్వరాలు రాసిపెట్టడానికి నేడు మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే ప్రతి స్వరాన్నీ మౌస్‌తో గీతమీద పెట్టబోతే ఒక చరణానికే విసుగొస్తుంది. పత్తి తీసేవాళ్ళు ప్రతి కాయకూ గట్టుమీది గోతం దాకా నడవరు గదా! ఒడి కట్టుకుని రెండు చేతులా తీస్తారు. ఇక్కడా అంతే.

'ఎన్' నొక్కితే రాత మొదలు. 'స'కు 4, 'సా'కు 5 నొక్కాలి; 5 నిడివి 4కు రెట్టింపు. షడ్జమం 'సి' అనుకుంటే సరిగమపదని వరుసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. ఈ ఏడక్షరాలూ ఎడమచేతి కిందే ఉన్నాయి. కుడిచేయి మౌస్‌కు మిగులుతుంది. ఇలా వచ్చేది శంకరాభరణం. మాయామాళవగౌళకు రి, ద కొట్టగానే కింది బాణం ఒకసారి నొక్కాలి.

స తరువాత ప కొడితే మంద్ర పంచమం పడుతుంది. ముందు స్వరానికి దగ్గరిదాన్నే యంత్రం ఎన్నుకోవడమే కారణం. కంట్రోల్‌తో పై బాణం నొక్కితే స్థాయి పెరుగుతుంది.

పల్లవి మళ్ళీ రావాలంటే ఎస్కేప్ నొక్కి, మొదటి స్వరంమీద క్లిక్, షిఫ్ట్ పట్టి చివరి స్వరంమీద క్లిక్ చేసి, 'ఆర్' కొడితే చాలు.

గమకం మాత్రం ఈ అక్షరాల్లో ఇమడదు. 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు వేరే గుర్తులే పెట్టారు. మన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం వింటే వాటి అవసరం తెలుస్తుంది. కనుక పాడే అవ్వలుండగానే రాద్దాం. రాసింది వాళ్ళకే వినిపించి దిద్దుకుందాం.